ఓడ ఎక్కని మనిషి

మూడో కేసు మాది. మొదటిది రెండు పశువుల రాంచ్‌ల మధ్య నీళ్ళ కాలువ తగాదా, అరగంటగా నలుగుతోంది, ఇంకా తెమల్లేదు. తెమలకపోయినా నాకేం తొందర లేదు. ముందు వరస బల్ల చివర, గోడ వైపు, కిటికీ కింద కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ హాల్లో నా చోటు ఇదే, తెలియక ఎవరైనా కూర్చుంటే పక్కవాళ్ళే లేపి పంపిస్తారు. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో నడుమెత్తు చెక్క కంచె, కంచె మధ్యలో అటూ ఇటూ ఊగే చిన్న గేటు. చేతుల నిండా కాగితాలతో వకీళ్ళు దాన్ని తొడతో నెట్టుకుని పోతారు. ఎటు పోతున్నారో తెలియదు పాపం. ఆ గేటు దాటితే ఓడ ఎక్కినట్టే. ఆ కంచెకు అవతల ఉన్నది మోంటానా నేల కాదు, సముద్రం మీద నడిచే చట్టం. దానికి సాక్ష్యం జడ్జి వెనకాల నిలబెట్టిన జెండా చుట్టూ కుట్టిన పసుపు కుచ్చులే. నేల మీది జెండాకు కుచ్చులెందుకు? ఓడ మీద కెప్టెన్ ఎంత చెబితే అంత, నేల మీద మనిషి మనిషే. ఈ సంగతి మా గురువు రోలండ్ ఒక శనివారం హైవే పక్క మోటెల్ హాల్లో నలభై మంది రైతులకు చెప్పాడు. ముప్పై తొమ్మిది మంది కాఫీ తాగి ఇంటికి పోయారు, నేనొక్కణ్ణే అక్షరాభ్యాసానికి కూర్చున్నట్టు కాగితం, కలం తీశాను. ఇక్కణ్ణించి సముద్రం ఎనిమిది వందల మైళ్ళు, ఓడెక్కడిదిరా అని ఊరంతా నవ్వింది. నవ్వనీ. ఇరవై రెండేళ్ళలో పంతొమ్మిది సార్లు నన్ను ఈ హాలుకు పిలిపించారు, పంతొమ్మిది సార్లూ ఇవతల నిలబడే జవాబు చెప్పాను, ఒక్క అడుగు అవతల వెయ్యలేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఎవరన్నారో గాని, నన్ను చూసే అని ఉంటారు.

జవాబు చెప్పడానికి కూడా ఒక పద్ధతుంది. జడ్జి పేరు పిలుస్తుంది, ఆర్డెన్ కిట్టెల్‌సన్ అని. చేతకానివాడు లేచి చిత్తం అంటాడు, అన్నాడంటే ఉచ్చులో కాలు పెట్టాడన్నమాటే. ఎందుకంటే వాళ్ళ కాగితాల్లో ఉన్న ఆ పేరు నాది కాదు, నేను పుట్టిన రోజున ప్రభుత్వమనే కంపెనీ నా బర్త్ సర్టిఫికెట్‌తో కట్టిన గడ్డిబొమ్మ పేరు. పన్నులు, లైసెన్సులు, జరిమానాలు అన్నీ ఆ బొమ్మకే, రక్తమాంసాలున్న నాకు కాదు. అందుకని నేను లేచి, ఆ బొమ్మ తరఫున వచ్చిన ప్రాణమున్న మనిషిని, మీ పిలుపును ఒప్పుకోను, అంటాను. మూడుసార్లు అంటాను. ఆవుల్ని మైలు దూరం నుంచి పిలిచిన గొంతు నాది, మూడోసారి అనేటప్పటికి కిటికీ అద్దాలు అదురుతాయి. డ్రైవింగ్ లైసెన్సును కంచె తీగ కత్తిరించే పట్టకారుతో నాలుగు ముక్కలు చేసి గవర్నరుకు పోస్టు చేశాను. బండికి రేకు కోసి నా చేత్తో రాసిన నంబరు ప్లేటు పెట్టుకున్నాను, దాని మీద నంబరు లేదు, ప్రయాణికుడు అని మాత్రం ఉంటుంది. డ్రైవింగ్ వ్యాపారం, ప్రయాణం హక్కు. కౌంటీ పోలీసు డిప్యూటీ డ్వేన్ స్టంప్ నన్ను రోడ్డు మీద ఆపిన ప్రతిసారీ ఈ తేడా విడమరిచి చెప్పాను. మేమిద్దరం ఒకే బడి, ఒకే బెంచీ, వాడికి లెక్కలు అప్పుడూ రావు ఇప్పుడూ రావు, నేను చెప్పేది బుర్రకెక్కుతుందా? చెప్పిందంతా ఓపిగ్గా విని, బేడీలు వేసేటప్పుడు మాత్రం, గడియారం విప్పరా ఆర్డెన్, గీసుకుంటుంది, అనేవాడు. ఆరుసార్లు పట్టుకున్నాడు. ఆరుసార్లూ వాడి సిరాకు నా వేళ్ళు నల్లగా అయ్యాయి, నా కాగితాల మీద మాత్రం బొటనవేలి ముద్ర ఎర్రగానే వేశాను. ఎరుపు రక్తం రంగు, ప్రాణమున్నవాడి రంగు. నేను చేసినంత కాగితం పని ఈ కౌంటీలో ఇంకెవరూ చేసి ఉండరు, పెద్ద అఫిడవిట్ ఒక్కటే నలభై ఒక్క పేజీలు.

ఇప్పుడు ఆ కంచెకు అవతల, కుడివైపు బల్ల దగ్గర, నా కూతురు కూర్చుని ఉంది. తిర్సా. పంతొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ నెవాది గోధుమరంగు కోటు వేసుకుంది, భుజాల దగ్గర బిగుతు, నెవా అంత సన్నం కాదు ఇది, నా ఎముక. జడ ముడి వేసుకుంది, మెడ మీద ఎండకు కమిలిన గీత కనిపిస్తోంది. పక్కన వకీలు లేడు. అక్కర్లేదంది. పిటిషను తనే రాసింది, ఊళ్ళో లైబ్రరీలో తొమ్మిది శనివారాలు కూర్చుని, ఆలస్యంగా పుట్టుక నమోదు చేయించుకోవాలంటే ఈ రాష్ట్రపు చట్టం ఏమంటుందో అక్షరం పొల్లు పోకుండా ఎక్కించుకుని రాసింది. పులి కడుపున పిల్లి పుడుతుందా? నేను చదివిన చట్టం వేరు, అది చదివిన చట్టం వేరు, నిజమే, కాని చదివే పట్టుదల ఎక్కణ్ణించి వచ్చింది? పొద్దున ఈ గేటును అందరిలాగే నెట్టుకుని లోపలికి పోయింది. నేను ఇక్కణ్ణించి చూస్తుంటే, వెనక్కి తిరగకుండా, ఒక్క చేత్తో, మన పశువుల దొడ్డి గేటు నెట్టినట్టే. నాకు కోపం రావాలి. రాలేదు. ఎంత నిటారుగా నడుస్తోంది అనుకున్నాను.

దానికి కావలసింది ఒక్క కాగితం. అడవి మంటలార్పే దళంలో చేరాలట. గొడ్డలి, పార పట్టుకుని కొండల్లో మంటకు ఎదురు నిలబడే ఉద్యోగం, అదీ ఫెడరల్ ఉద్యోగం. నేను కంపెనీ అని తిట్టే వాళ్ళ జీతం. దళం నాయకురాలు దీన్ని పరీక్ష చేసి, నీలాంటిది వందలో ఒకతి దొరకదమ్మాయ్, అందిట, కాని నువ్వు పుట్టినట్టు కాగితం చూపించు, శుక్రవారం దాకా నీ చోటు పట్టి ఉంచుతాను, ఆ తరవాత నావల్ల కాదు, అని కూడా అందిట. ఇవాళ బుధవారం. ఆ పరీక్షేమిటంటే, నలభై అయిదు పౌండ్ల మూట వీపున వేసుకుని మూడు మైళ్ళు నలభై అయిదు నిమిషాల్లో నడవాలి, పరుగెత్తకూడదు. ఫిబ్రవరి అంతా తెల్లారక ముందే లేచి, పశువులు నాకే ఉప్పు దిమ్మ సంచిలో వేసుకుని, కంచె వెంట మంచులో నడిచేది. నేను చూడటం లేదనుకుంది. గడ్డివాము చాటున చేతిలో గడియారం పట్టుకుని రోజూ చూశాను. ఉప్పు దిమ్మ యాభై పౌండ్లు. పిచ్చిపిల్ల, అయిదు పౌండ్లు ఎక్కువ మోస్తున్నానని దానికి తెలియదు, నేను చెప్పలేదు, మొయ్యనీ అనుకున్నాను. చివరి వారం నలభై ఒక్క నిమిషాల్లో వచ్చింది, యాభై పౌండ్లతో, మంచులో. ఆ సంగతి మేత కొట్టు దగ్గర చెప్పుకోవాలని నోరు ఎంత దురద పెట్టిందో! ఏమని చెప్పను? మా అమ్మాయి కంపెనీ కొలువుకు సిద్ధమవుతోందనా? మింగలేక కక్కలేక ఇంటికొచ్చాను.

హీటరు గొట్టం టకటకా కొట్టుకుంటోంది. ఏప్రిల్ వచ్చినా దీన్ని ఆపరు, జనం పన్నులు కదా. తిర్సా పుట్టినప్పుడూ ఏప్రిలే, కాని ఇలాంటి ఏప్రిల్ కాదు, గేట్ల ఎత్తు మంచు. మంత్రసాని దారిలో ఇరుక్కుపోయింది, నెవా వంటింట్లో పొయ్యి పక్కనే కనింది, తెల్లవారుజామున నాలుగూ పదికి. చేపల్ని తూచే తక్కెడలో తూచాను, ఏడు పౌండ్ల రెండు ఔన్సులు. తరవాత నా ఎర్ర సిరా దిండు తెచ్చి దాని కుడి పాదం అద్ది కాగితం మీద ముద్ర వేశాను. నెవా మంచం మీంచే, పసిపిల్ల కాలికి రంగేమిటయ్యా, బుద్ధి పోయిందా ఏమిటి, అని తిట్టింది. మూడు రోజులు పోలేదు ఆ ఎరుపు. ఆ ముద్ర కింద నేను రాసిన మాటలు ఇప్పటికీ నాకు నోటికొచ్చు. నాలుగోనాడు దారి తెరుచుకోగానే కౌంటీ రికార్డుల ఆఫీసుకు తీసుకుపోయి భూముల దస్తావేజుల పుస్తకంలో ఎక్కించాను. పుట్టుకల పుస్తకంలో కాదు, అక్కడ ఎక్కిస్తే గడ్డిబొమ్మ పుడుతుంది. దస్తావేజుల పుస్తకంలో ఎవరు ఏ కాగితం తెచ్చినా ఎక్కించాలి, వద్దనడానికి వీల్లేదు. ఆ కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడ పాదం ముద్ర చూసి, ఎంత ముద్దుగా ఉందండీ, అని స్టాంపు కొట్టింది. అలా ఎకరాల మధ్య, గట్ల మధ్య, నా కూతుర్ని ఎవరికీ చెందని స్వేచ్ఛాజీవిగా రాసి వచ్చాను. ప్రతి పుట్టినరోజుకీ ఈ కథ చెప్పేవాణ్ణి, అది కేకు తింటూ వినేది, చిన్నప్పుడు తోటి పిల్లల దగ్గర, నాకు నంబరు లేదు తెలుసా, అని గొప్పగా చెప్పుకునేది, మాకు గుర్రం ఉంది తెలుసా అన్నట్టు. పదహారో ఏట లైబ్రరీ వాళ్ళు కార్డు ఇవ్వడానికి పేరు రుజువు అడిగారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా పాలు పిండింది. ఆ తరవాతి పుట్టినరోజుకు నేను కథ మొదలుపెడితే, నాకు తెలుసు నాన్నా, అంది.

కాలువ తగాదా ముగిసింది. రెండో కేసు వాళ్ళు లేచారు. తలుపు దగ్గర కాపలా నిలబడ్డ డ్వేన్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు, బల్ల కిర్రుమంది. వచ్చే నెల రిటైరవుతాడు, పొట్ట బెల్టు మీదికి జారింది.

“ఇవాళ గోల చెయ్యకురా,” అన్నాడు మెల్లగా.

“నేను గోల చెయ్యను. నిజం చెబుతాను.”

“అదే గోల.”

“నన్ను ఓడించలేకపోయారని మీ కడుపుమంట. తిర్సా పుట్టకముందు, నంబరు లేని ట్రైలరు లాగానని పెట్టిన కేసు గుర్తుందా? నువ్వు మొహం చూపించలేక సాక్ష్యానికి రానేలేదు, జడ్జి కొట్టేసింది.”

డ్వేన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “కావాలనే రాలేదురా,” అన్నాడు. “నెవాకు నెలలు నిండాయి. ముందురోజు కొట్లో కనిపించింది, కాళ్ళు వాచి ఉన్నాయి. నేనొస్తే నువ్వు ఓడిపోతావు, పంతానికి జైలుకు పోతావు, ఆవిడ ఒక్కతీ ఆ మంచులో ఏం చేస్తుంది? ఇంట్లో కూర్చుని రేడియో విన్నాను. పై ఆఫీసరు చేత చీవాట్లు తిన్నాను. నీకెప్పుడూ చెప్పకూడదనుకున్నాను.” లేచి, నా భుజం ఒకసారి నొక్కి, తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అబద్ధం. వాడికి అబద్ధం చెప్పే తెలివి లేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని నేను, ఇప్పుడు నాలుగో కాలు కళ్ళ ముందు కనిపిస్తుంటే ఏం చెయ్యాలి? ఆ కేసు నా కిరీటం. పంతొమ్మిది సార్లలో నేను గెలిచిన ఒకే ఒక్క సారి. నా మాటల ధాటికి డిప్యూటీ పారిపోయాడని మేత కొట్టులో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, రోలండ్ నన్ను వేదిక ఎక్కించి మూడు ఊళ్ళలో చెప్పించాడు, జనం చప్పట్లు కొట్టారు. అది గెలుపు కాదు, వాచిన కాళ్ళ మీద ఒకడి జాలి. ఆ జాలి తిన్న మూడు వారాలకే, గెలిచానన్న ఊపులోనే కదా, పిల్ల కాలికి రంగు పూశాను? వాడు ఆ రోజు వచ్చి ఉంటే, నన్ను చిత్తుగా ఓడించి ఉంటే, నేను ఆ కాగితం రాసేవాణ్ణా? రాసేవాణ్ణే. నా సంగతి నాకు తెలుసు. ఏమో, రాసేవాణ్ణి కాదేమో. నెవాకు తెలుసా? తెలిసే ఉంటుంది. నేను ఆ కథ చెప్పినప్పుడల్లా లేచి పొయ్యి దగ్గరికి పోయేది. అప్పుడు తన మొహం నేనెప్పుడూ చూడలేదు.

నెవా. నాలుగేళ్ళ కింద జనవరిలో దగ్గు, జ్వరం, ఊపిరి పిల్లికూతలు. ఆస్పత్రి కిటికీ దగ్గర ఒక ఫారం ఇచ్చారు, పేరు, నంబరు, సంతకం. నేను ఆ అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టాను, ఈ పేరు ప్రాణమున్న మనిషిది కాదు, ఈ సంతకం ఒప్పందం కిందికి వస్తుంది, నేను షరతులతో మాత్రమే చేస్తాను. న్యాయంగా మాట్లాడాను, గొంతు పెంచలేదు. గోడ గడియారం ప్రకారం నలభై నిమిషాలు. నెవా చక్రాల కుర్చీలో తల వాల్చి దగ్గుతోంది. చివరికి తిర్సా, అప్పుడు పదిహేనేళ్ళు, నా చేతిలోంచి కలం లాక్కుని ఫారం నింపేసి, అమ్మ వేలు పట్టుకుని సంతకం పెట్టించింది. అయిదో రోజు నెవా పోయింది. ఆ నలభై నిమిషాల వల్ల ఏమీ తేడా రాలేదని డాక్టరు అన్నాడు. నేను నమ్మాను. నమ్మకపోతే బతకలేను. తిర్సా నమ్మిందో లేదో నేను అడగలేదు. అడిగితే చెబుతుంది, అదీ భయం.

పొద్దున వచ్చేటప్పుడు కూడా నా బండిలో రానంది, దారిలో ఆపితే కోర్టుకు ఆలస్యమవుతుందని పక్క రాంచ్ వాళ్ళ పికప్పులో వచ్చాం. దారిలో అన్నాను, నేను గేటు దాటను, ఆ మాట ముందే చెబుతున్నాను, అని. కిటికీలోంచి చూస్తూ అంది, తెలుసు నాన్నా, పోయిన వారమే జడ్జిగారికి ఉత్తరం రాశాను, మా నాన్న కంచె ఇవతల నుంచే సాక్ష్యం చెబుతాడు, ఆయన నమ్మకం అది, దయచేసి ఒప్పుకోండి అని, ఒప్పుకున్నారు. నా మొండితనానికి కూడా ఇది అర్జీ పెట్టింది. ఎవరో ముసలాయనకు మెట్లెక్కడం కష్టం, కుర్చీ వేయండి అన్నట్టు. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియక దారంతా టోపీ సర్దుకున్నాను.

“తిర్సా కిట్టెల్‌సన్ పిటిషను,” అంది గుమాస్తా.

జడ్జి కోల్బీ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. జుట్టు పూర్తిగా నెరిసింది, నా వల్లే కొంత. రుజువులు రెండు కావాలి. ఒకటి తిర్సా ఆరో ఏటి నుంచి చర్చి ఆదివారం బడి హాజరు పుస్తకం, సరిపోయింది. రెండోది పుట్టిన తొలి ఏడాదికి చెందినది కావాలి. ఈ భూమ్మీద అలాంటిది ఒక్కటే ఉంది, నేను రాసిందే. తిర్సా దస్తావేజుల పుస్తకం నుంచి నకలు తీయించి తెచ్చింది. జడ్జి దాన్ని ఎత్తి పట్టుకుంది. నకల్లో ఎరుపు నల్లగా పడింది, అయినా ఆ పాదం ఇక్కడికే కనిపిస్తోంది, నా నడిమివేలంత లేదు.

“ఇది రాసిన మనిషి హాల్లో ఉన్నారా? ఆర్డెన్ కిట్టెల్‌సన్?”

లేచాను. మాటలు వాటంతటవే గొంతులోకి వచ్చాయి, ఆ బొమ్మ తరఫున వచ్చిన, ప్రాణమున్న. పళ్ళు బిగించాను. అవునని మాత్రం రాలేదు.

“గుర్తింపు కార్డేమైనా ఉందా?”

“లేదు.”

“మరి సాక్షి ఎవరో రికార్డుకు ఎలా తెలియాలండీ?”

“నాకు తెలుసు, యువరానర్,” అన్నాడు డ్వేన్ తలుపు దగ్గర నుంచి. “ఆరుసార్లు ఈయన వేలిముద్రలు నేనే తీశాను. ఎడమ బొటనవేలికి కంచె తీగ కోసిన మచ్చ ఉంటుంది.”

వెనక బల్లల్లో నవ్వారు. జడ్జి కూడా నవ్వు ఆపుకుంది. నేను కంపెనీ అన్నవాళ్ళ పుస్తకాల్లో నేను ఉన్నాననడానికి ఉన్నది వాళ్ళు నన్ను పట్టుకున్న లెక్కే. ప్రమాణానికి కుడిచెయ్యి ఎత్తమన్నారు, ఎత్తాను. కంచె ఇవతల నుంచే చెప్పవచ్చంది జడ్జి. అప్పుడు కౌంటీ వకీలు లేచాడు. మంచివాడే, గొంతు కూడా మెత్తన.

“అభ్యంతరం అమ్మాయి మీద కాదు, యువరానర్. మా పిల్లకు గుర్రం ఎక్కడం నేర్పింది ఈ అమ్మాయే. కాని కాగితంలో ఏముందో చదవకుండా ఎలా?” చదివాడు. “ఈ శిశువు ఏ కౌంటీలోనూ పుట్టలేదు. అమెరికా అనబడే కంపెనీ హద్దుల్లో పుట్టలేదు. ఈ శిశువు ఆ దేశపు పౌరురాలు కాదు, ఎన్నటికీ కాబోదు. దీనికి నేనే సాక్షిని.”

ఏం రాశాను! ఒక్క క్షణం అదే అనిపించింది, ఒట్టు. పంతొమ్మిదేళ్ళ తరవాత, వేరేవాడి నోట, అంత పెద్ద హాల్లో, ఒక్క మాట తడబడకుండా గంట కొట్టినట్టు మోగింది. ఇంత బాగా రాయగలిగే రైతు ఈ రాష్ట్రంలో ఎవడున్నాడు? ఆ తరవాత తిర్సా భుజాలు చూశాను. నెవా కోటులో ఆ భుజాలు కొంచెం ముందుకు వంగాయి, యాభై పౌండ్ల దిమ్మ మోసినప్పుడు కూడా వంగని భుజాలు. పుట్టి నాలుగు రోజులైనా కాని పిల్లను, పాలు తాగి నిద్రపోతున్న పిల్లను, నేను చేతులారా ఈ దేశంలోంచి, ఈ కౌంటీలోంచి, మా వంటింట్లోంచి కూడా గెంటేశాను. ఏ ప్రభుత్వమూ దానికి ఇంత అన్యాయం చెయ్యలేదు.

“ఇది ప్రమాణం మీద రాసిన కాగితం,” అంది జడ్జి. “నాకు నచ్చిన సగం తీసుకుని నచ్చని సగం పారెయ్యలేను. ప్రమాణం చేసిన మనిషే సరిదిద్దాలి. మిస్టర్ కిట్టెల్‌సన్, ఇందులో ఉన్నదంతా నిజమేనా?”

అవునంటే నేను నిలబడతాను, అది పోతుంది. శుక్రవారం వస్తుంది, దళం వెళ్ళిపోతుంది, అది మళ్ళీ ఏమీ మాట్లాడకుండా పాలు పిండుతుంది. కాదంటే నలభై ఒక్క పేజీలు, పంతొమ్మిది సార్లు, మూడు ఊళ్ళ చప్పట్లు, అన్నీ కాదన్నట్టే. అన్నమాట వెనక్కి తీసుకున్నవాణ్ణి కాదు నేను. నెవా పోయిన రోజు కూడా తీసుకోలేదు. హాల్లో అందరూ నన్ను తెలిసినవాళ్ళే, నన్ను ఓడించినవాళ్ళు, నన్ను చూసి నవ్వినవాళ్ళు, ఎప్పుడు పడతాడా అని చూసినవాళ్ళు.

“తప్పు రాశాను,” అన్నాను.

స్టెనో తల ఎత్తింది. “వినిపించలేదండీ.”

“కాస్త గట్టిగా,” అంది జడ్జి.

మళ్ళీ అన్నాను. పెదాలు కదిలాయి, అంతే. మైలు దూరం పోయే గొంతు నాలుగడుగులు పోలేదు. స్టెనో నన్నే చూస్తోంది, వేళ్ళు మీటల మీద ఆగిపోయి ఉన్నాయి, రాసుకోవడానికేమీ లేదు. వినిపించకపోతే అన్నట్టు కాదు. అప్పుడు ఆలోచించలేదు, ఎవరైనా అడిగితే ఆలోచించాననే చెబుతాను గాని, ఆలోచించలేదు. గేటును తొడతో నెట్టాను. ఊరికే తెరుచుకుంది. నాలుగడుగులు వేసి స్టెనో బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. కాళ్ళ కింద అటువైపు పరిచిన చెక్కే ఇటువైపూ పరిచి ఉంది. హాల్లో ఎవరూ నవ్వలేదు.

“తప్పు రాశాను.”

“ఏది తప్పు?”

“రోజు నిజం. నాలుగూ పది నిజం. బరువు నిజం, ఆ పాదం నిజం. తక్కిందంతా నా పొగరు. అది మా వంటింట్లో పుట్టింది, అమ్మా. ఈ కౌంటీలోనే. ఈ దేశంలోనే.”

మీటలు టపటపా మోగాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ హాల్లో నేను అన్నవన్నీ అలా రాసుకుంటూనే ఉంది పాపం, ఇదొక్కటీ ఎవరికైనా పనికొచ్చింది. జడ్జి ఏదో గీసి, కింద సంతకం చేసే చోటు చూసుకుని, కలం మూత తీసింది.

“సరిదిద్దినట్టు రాసుకున్నాను. ఇక ఒక్కటే మిగిలింది. ప్రసవం ఎవరు చేశారో కూడా రికార్డులో ఉండాలి. తిర్సా, మీ సాక్షిని మీరే అడగండి.”

తిర్సా లేచి నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాత్రం ఎత్తే ఉంది. వాళ్ళమ్మ గురించి అడుగుతుందనుకున్నాను, ఆ నలభై నిమిషాల గురించి, ప్రమాణం చేసి ఉన్నాను, ఏది అడిగినా చెప్పాల్సిందే. అడగనీ, అనుకున్నాను.

“నాన్నా, నేను పుట్టినప్పుడు నన్ను మొదట చేతుల్లోకి తీసుకుంది ఎవరు?”

వెయ్యి దూడల్ని తల్లి కడుపులోంచి లాగిన చేతులు నావి, అయినా ఆ తెల్లవారుజామున వాటిని నమ్మలేదు. జారిపోతుందేమోనని చొక్కాలో వేసుకుని రొమ్ముకు అదుముకున్నాను, అది ఏడవలేదు, నా మొహంలోకి చూసింది.

“నేనే,” అన్నాను.